రాత్రి ఫోన్ మోగాలి: డిఫెండర్‌ను బయటి సాక్ సర్వీస్‌కు కలపడం ఎలా

ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ దాడులను కనిపెట్టి ఆపే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ ఎండ్‌పాయింట్ వేశారు. పోర్టల్ తెరిస్తే అలర్ట్‌లు కనిపిస్తున్నాయి. పగలు మీరు చూస్తారు. శనివారం రాత్రి 2 గంటలకు అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్‌లో ఎవరో పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే పనిముట్టు) నడిపితే ఎవరు చూస్తారు? చిన్న కంపెనీలకు మూడు షిఫ్టుల్లో మనుషులను పెట్టుకునే స్తోమత ఉండదు. అందుకే నెలకు ఇంత అని కట్టి బయటి మానిటరింగ్ సర్వీస్‌ను, మన మాటల్లో సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) వాళ్లను, పెట్టుకుంటాం.

నేను విజయవాడలో ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీకి ఐటీ చూస్తాను. గుంటూరు, రాజమహేంద్రవరం బ్రాంచీలతో కలిపి 140 పైచిలుకు మెషీన్లు. ఈ కనెక్షన్ మొదటిసారి చేసినప్పుడు దెబ్బతిన్నాం. రెండోసారి జాగ్రత్తగా చేశాం. ఆ రెండోసారి చేసిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

కలపడం వరకు గంట పని. సాక్ వాళ్ల డాష్‌బోర్డులో మన కంపెనీ పేరు పక్కన పచ్చ చుక్క కనపడగానే అయిపోయిందనిపిస్తుంది. నిజానికి అప్పటికి సగమే అయింది. మీ మెషీన్‌లో పుట్టిన అలర్ట్ వాళ్ల మనిషి కంట పడాలి, ఆ మనిషి మీకు ఫోన్ చెయ్యాలి, మీరు ఎత్తాలి, ఏం చెయ్యాలో అప్పటికప్పుడు తేలాలి. అక్కడిదాకా వెళ్తేనే కనెక్షన్ పూర్తయినట్టు.

ముందు లైసెన్స్, తర్వాత లెక్క

మీ దగ్గర ఏ ప్లాన్ ఉందో చూసుకోండి. ప్లాన్ 1లో యాంటీవైరస్, కొన్ని అడ్డుకట్టలు ఉంటాయి గానీ, మెషీన్‌లో ఏం జరిగిందో వెనక్కి తవ్వి చూపించే ఈడీఆర్ ఉండదు. దాన్ని సాక్‌కు కలిపితే వాళ్లకు అందేది 'ఫలానా వైరస్‌ను ఆపాం' అన్న ముక్క మాత్రమే. ప్లాన్ 2లో ఈడీఆర్, అడ్వాన్స్‌డ్ హంటింగ్ (మెషీన్ల డేటాలో మనమే క్వెరీ రాసి వెతకడం) రెండూ ఉంటాయి. 300 మంది లోపు కంపెనీల కోసం ఉన్న డిఫెండర్ ఫర్ బిజినెస్‌లో ఈడీఆర్ ఉంటుంది, హంటింగ్ ఉండదు. సాక్ వాళ్లతో ధర మాట్లాడే ముందే ఇది చెప్పండి. హంటింగ్ లేని చోట 'నెలనెలా థ్రెట్ హంటింగ్ చేస్తాం' అని కొటేషన్‌లో రాస్తే, ఎలా చేస్తారో గట్టిగా అడగండి.

తర్వాత మెషీన్ల లెక్క. పోర్టల్‌లో అసెట్స్ కింద డివైసెస్ జాబితాను ఎక్సెల్‌లోకి దించుకుని, మీ అసెట్ రిజిస్టర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. మాకు మొదటిసారి 11 మెషీన్లు తేడా వచ్చింది. వాటిలో రెండు గోడౌన్‌లో బిల్లింగ్‌కు వాడేవి. ఏజెంట్ (మెషీన్‌లో నడుస్తూ డిఫెండర్‌కు సమాచారం పంపే భాగం) లేని మెషీన్‌ను ఎంత గొప్ప సాక్ అయినా చూడలేదు.

పది లోపు మెషీన్లయితే సెట్టింగ్స్, ఎండ్‌పాయింట్స్, ఆన్‌బోర్డింగ్‌లో దొరికే లోకల్ స్క్రిప్ట్ సరిపోతుంది. అంతకు మించితే అన్ని మెషీన్లకూ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే ఇన్‌ట్యూన్ గానీ గ్రూప్ పాలసీ గానీ వాడండి. మెషీన్ మీద సర్వీసుల జాబితాలో 'సెన్స్' అనే సర్వీస్ నడుస్తుంటే ఏజెంట్ బతికే ఉన్నట్టు. ఏడు రోజులకు మించి సిగ్నల్ పంపని మెషీన్ పోర్టల్‌లో 'ఇనాక్టివ్' అని పడుతుంది. ఆ జాబితాను ప్రతి సోమవారం చూడటం అలవాటు చేసుకోండి.

తాళంచెవి తయారు చెయ్యడం

సాక్ వాళ్ల సిస్టమ్ మన డిఫెండర్‌లోకి వచ్చి అలర్ట్‌లు తీసుకెళ్లాలంటే దానికో గుర్తింపు కావాలి. ఇది రెండు పద్ధతుల్లో ఇస్తారు. ఒకటి, వాళ్లే ఒక లింకు పంపుతారు. మీరు గ్లోబల్ అడ్మిన్‌గా లాగిన్ అయి ఒప్పుకుంటే వాళ్ల అప్లికేషన్ మీ టెనెంట్‌లో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో మీ కంపెనీకి ఉన్న సొంత చోటు) చేరుతుంది. రెండు, మీరే ఎంట్రాలో (మైక్రోసాఫ్ట్‌లో లాగిన్లు, హక్కులు చూసే సర్వీస్) ఒక యాప్ రిజిస్టర్ చేసి దాని వివరాలు వాళ్లకు ఇస్తారు. మొదటిది తేలిక, సీక్రెట్ (యాప్‌కు పాస్‌వర్డ్ లాంటిది) గొడవ మీకు ఉండదు. కానీ ఒప్పుకునే తెరమీద ఏమేం అడుగుతున్నారో ప్రతి లైనూ చదవాలి. మెయిల్స్ చదివే హక్కు, యూజర్లను మార్చే హక్కు అడుగుతుంటే అక్కడే ఆగి ఎందుకని అడగండి. ఎండ్‌పాయింట్ అలర్ట్‌లు చూడటానికి అవి అక్కర్లేదు.

నేను రెండో పద్ధతినే ఎంచుకుంటాను. ఎవరికి ఏ హక్కు ఇచ్చామో మన చేతిలో, మన పేరు మీద ఉంటుంది.

ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో యాప్ రిజిస్ట్రేషన్స్‌కు వెళ్లి కొత్తది మొదలుపెట్టండి. పేరు చూడగానే అర్థమయ్యేలా పెట్టండి: సాక్ సర్వీస్ పేరు, ఏం చేస్తుంది, ఏ సంవత్సరం. 'టెస్ట్ యాప్ 2' అని పెడితే రెండేళ్ల తర్వాత దాన్ని తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అకౌంట్ టైప్ దగ్గర మన సంస్థ వరకే అన్నది ఎంచుకోండి. రీడైరెక్ట్ అడ్రస్ ఖాళీగా వదిలెయ్యండి.

ఇప్పుడు ఏపీఐ పర్మిషన్స్, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారిలో ఇచ్చే హక్కులు. ఇక్కడ తొందరపడకండి. రెండు రకాలుంటాయి: డెలిగేటెడ్, అప్లికేషన్. డెలిగేటెడ్ అంటే ఒక మనిషి లాగిన్ అయి ఉన్నప్పుడు అతని తరఫున పని చేసేది. రాత్రంతా మనిషి లేకుండా నడిచే సిస్టమ్‌కు కావాల్సింది అప్లికేషన్ రకం. పేర్లు రెండింటిలోనూ చాలావరకు ఒకటే కాబట్టి పొరపాటు ఇట్టే జరుగుతుంది. సాక్ వాళ్లు 'పర్మిషన్ లేదంటోంది' అంటే ముందు చూడాల్సింది ఇదే.

మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసుల ఉమ్మడి ఏపీఐ) కింద సెక్యూరిటీఅలర్ట్.రీడ్.ఆల్, సెక్యూరిటీఇన్సిడెంట్.రీడ్.ఆల్ ఇవ్వండి. తర్వాత 'ఏపీఐస్ మై ఆర్గనైజేషన్ యూజెస్' అన్న ట్యాబ్‌లో విండోస్‌డిఫెండర్ఏటీపీ అని వెతకండి. అది డిఫెండర్ పాత పేరు, అక్కడ ఇంకా అలాగే ఉంది. అందులో మెషీన్.రీడ్.ఆల్ ఇస్తే, అలర్ట్ వచ్చిన మెషీన్ ఏది, దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, చివరిసారి ఎప్పుడు కనపడింది అన్నవి వాళ్లకు తెలుస్తాయి. చూడటానికి ఇంతే చాలు.

చేతలకు సంబంధించిన పర్మిషన్లు వేరు. మెషీన్.ఐసొలేట్ ఇస్తే వాళ్లు మన కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయగలరు. మెషీన్.లైవ్‌రెస్పాన్స్ ఇస్తే మన మెషీన్ మీద స్క్రిప్టులు నడపగలరు. రెండోది ఇంటి తాళం ఇచ్చినట్టు కాదు, బీరువా తాళం ఇచ్చినట్టు. మొదటి రోజే ఇవ్వొద్దు. చాలా సర్వీసులు పంపే సెటప్ డాక్యుమెంట్‌లో అన్ని పర్మిషన్లూ ఒకే జాబితాగా ఉంటాయి. అందులో ప్రతిదాని పక్కన 'దీనితో మీరు చేసే పని ఏమిటి' అని రాసి తిరిగి పంపండి. జవాబు రాని వాటిని ఇవ్వకండి. మేం అలా పంపితే తొమ్మిదింటిలో నాలుగు వాళ్లే తీసేశారు.

ఐసొలేషన్ కూడా వాళ్ల చేతిలో పెట్టదలిస్తే దానికి వేరే యాప్ చెయ్యండి. చూసే యాప్ ఒకటి, చేసే యాప్ ఇంకొకటి. ఏదైనా తేడా వస్తే రెండోదాన్ని ఆపేసినా అలర్ట్‌లు మాత్రం ఆగవు.

అన్నీ చేర్చాక 'గ్రాంట్ అడ్మిన్ కన్సెంట్' నొక్కాలి. నొక్కకపోతే పర్మిషన్లు జాబితాలో ఉంటాయి గానీ పని చెయ్యవు. ప్రతి వరస పక్కన పచ్చ టిక్కు వచ్చిందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

సీక్రెట్, మా భోగి పండుగ

సర్టిఫికెట్స్ అండ్ సీక్రెట్స్ లోకి వెళ్లండి. సాక్ వాళ్ల సిస్టమ్ సర్టిఫికెట్ తీసుకోగలిగితే అదే మేలు. లేకపోతే క్లయింట్ సీక్రెట్ చెయ్యండి. గడువు అడుగుతుంది. 180 రోజులు పెట్టమని సూచిస్తుంది, గరిష్ఠంగా 24 నెలలు పెట్టుకోవచ్చు. సృష్టించగానే రెండు గడులు కనిపిస్తాయి: వాల్యూ, సీక్రెట్ ఐడీ. ఇవ్వాల్సింది వాల్యూ. అది ఒక్కసారే కనిపిస్తుంది. పేజీ వదిలి తిరిగి వస్తే చుక్కలే ఉంటాయి, అప్పుడు ఇంకొకటి చెయ్యడం తప్ప దారి లేదు.

మేం మొదటిసారి జులై 17న సీక్రెట్ చేశాం. గడువు 180 రోజులు. సరిగ్గా భోగి నాడు, జనవరి 13న, అది చచ్చిపోయింది. ఆఫీసుకు సెలవులు. సాక్ వాళ్ల సిస్టమ్ మన డిఫెండర్ తలుపు కొడుతూనే ఉంది, లోపలికి రానివ్వడం లేదు. వాళ్ల డాష్‌బోర్డులో మాత్రం పచ్చ చుక్కే ఉంది. ఎందుకంటే ఆ చుక్క చూపేది వాళ్ల కనెక్టర్ నడుస్తోందా లేదా అన్నదే. డేటా వస్తోందా అన్నది కాదు. అలర్ట్‌లు రాకపోతే 'ఈ వారం ప్రశాంతంగా ఉంది' అనుకున్నారు. తొమ్మిది రోజుల తర్వాత నేను వేరే పని మీద పోర్టల్ తెరిస్తే, గుంటూరు బ్రాంచ్ మెషీన్ మీద నాలుగు రోజుల కిందటి హై అలర్ట్ ఒకటి ఎవరూ ముట్టుకోకుండా కూర్చుని ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చినదాన్ని డిఫెండరే ఆపేసింది కాబట్టి నష్టం జరగలేదు. ఆ రోజు నా చేతులు వణికాయి.

అందుకే ఈ మూడూ చెయ్యండి. గడువు తేదీని మీ క్యాలెండర్‌లో 30 రోజుల ముందు, 7 రోజుల ముందు పెట్టుకోండి. మీతోపాటు ఇంకొకరి క్యాలెండర్‌లో కూడా పెట్టండి, ఎందుకంటే మీరు సెలవులో ఉండొచ్చు. గడువు పండుగ సెలవుల్లో గానీ మార్చి నెలాఖరు లెక్కల హడావుడిలో గానీ పడకుండా తేదీ ఎంచుకోండి. పాత సీక్రెట్ బతికుండగానే రెండోది చేసి ఇవ్వండి. ఒక యాప్‌కు ఒకేసారి రెండు సీక్రెట్లు ఉండొచ్చు, కాబట్టి మార్పిడి మధ్యలో గండి పడదు.

సీక్రెట్ వాల్యూ, టెనెంట్ ఐడీ, క్లయింట్ ఐడీ ఈ మూడూ సాక్ వాళ్లకు చేరాలి. రెండు ఐడీలు మెయిల్‌లో పంపినా పరవాలేదు. సీక్రెట్‌ను మాత్రం వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ పంపకండి. వాళ్ల పోర్టల్‌లో మీరే లాగిన్ అయి టైప్ చేసే వీలుంటే అదే మంచి దారి. లేదంటే ఒక్కసారి తెరవగానే మాసిపోయే లింకు ద్వారా పంపి, అందిందని ఫోన్‌లో నిర్ధారించుకోండి. స్క్రీన్‌షాట్ అసలు తీయకండి.

కలిసిందా లేదా

వాళ్లు వివరాలు నమోదు చేశాక 'టెస్ట్ కనెక్షన్' నొక్కుతారు. తప్పు వస్తే ఆ ఎర్రర్ నంబర్ యథాతథంగా అడగండి, సగం పని అదే చెప్పేస్తుంది. 7000215 అని వస్తే సీక్రెట్ తప్పు. నూటికి తొంభై సార్లు వాల్యూ బదులు సీక్రెట్ ఐడీ అతికించి ఉంటారు. 7000222 వస్తే సీక్రెట్ గడువు అయిపోయింది. టోకెన్ (లోపలికి రానిచ్చే తాత్కాలిక పాస్) వచ్చి, అలర్ట్‌లు అడిగినప్పుడు 403 వస్తే పర్మిషన్ గానీ కన్సెంట్ గానీ మిగిలిపోయింది.

మీ వైపు నుంచి చూసుకునే మార్గం ఒకటుంది. చాలామందికి అది ఉందనే తెలియదు. ఎంట్రాలో సైన్-ఇన్ లాగ్స్ తెరిచి, సర్వీస్ ప్రిన్సిపల్ సైన్-ఇన్స్ అన్న ట్యాబ్‌లోకి వెళ్లండి. మీరు చేసిన యాప్ ఎప్పుడెప్పుడు లోపలికి వచ్చింది, ఏ ఐపీ నుంచి వచ్చింది, సఫలమైందా లేదా అన్నీ అక్కడ ఉంటాయి. సాక్ వాళ్లు ఇచ్చిన ఐపీల జాబితాతో పోల్చండి. వేరే ఐపీ కనిపిస్తే అప్పుడే ఫోన్ చెయ్యండి. భోగి నాడు నేను ఈ పేజీ చూసి ఉంటే ఎర్ర వరసలు అప్పుడే కనిపించేవి. వర్క్‌లోడ్ ఐడెంటిటీస్ ప్రీమియం లైసెన్స్ కొనగలిగితే ఆ ఐపీల నుంచి తప్ప యాప్ లోపలికి రాకుండా కండిషనల్ యాక్సెస్‌తో కట్టడి చెయ్యొచ్చు.

మీరు వాడేది డిఫెండర్ కాక క్రౌడ్‌స్ట్రైక్ ఫాల్కన్ అయినా వరస ఇదే. అక్కడ ఏపీఐ క్లయింట్స్ అండ్ కీస్ పేజీలో క్లయింట్ చేసి, స్కోపుల్లో రీడ్ వేరు, రైట్ వేరు చూసి టిక్కు పెట్టాలి. సీక్రెట్ అక్కడా ఒక్కసారే చూపిస్తారు. అదనంగా బేస్ అడ్రస్ కూడా ఇవ్వాలి. మీ అకౌంట్ ఏ క్లౌడ్‌లో ఉందో, అమెరికా 1, అమెరికా 2, యూరప్, దాన్నిబట్టి ఆ అడ్రస్ మారుతుంది. అన్నీ సరిగ్గా ఇచ్చినా లాగిన్ కాకపోతే ముందు దాన్నే అనుమానించండి.

లాగులు, టైము, ఆరు గంటలు

అలర్ట్‌లు వెళ్తే చాలా, మెషీన్‌లో జరిగే ప్రతి ఈవెంట్ కూడా వెళ్లాలా? ఈవెంట్లన్నీ పంపాలంటే డిఫెండర్ స్ట్రీమింగ్ ఏపీఐ ద్వారా అజూర్ ఈవెంట్ హబ్‌కు గానీ స్టోరేజ్ అకౌంట్‌కు గానీ పంపాలి. దాని ఖర్చు వేరు. డిఫెండర్ పోర్టల్‌లో డేటా 180 రోజులు ఉంటుంది గానీ, హంటింగ్‌లో వెతకగలిగేది 30 రోజులే. మన దేశంలో సైబర్ సంఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ ఐసీటీ (కంప్యూటర్, కమ్యూనికేషన్) సిస్టమ్‌ల లాగులను, అంటే ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను, 180 రోజులు, భారత పరిధిలో ఉంచుకోవాలి. నా సలహా: సాక్‌కు అలర్ట్‌లు పంపండి, ఈవెంట్లను పుణేలోనో చెన్నైలోనో ఉన్న అజూర్ రీజియన్‌లో మీ సొంత స్టోరేజ్‌లోకి పంపి దాచుకోండి. సాక్ మారినా లాగులు మీ దగ్గరే ఉంటాయి.

అవే ఆదేశాల్లో ఇంకో షరతు ఉంది. జాబితాలో ఇచ్చిన రకం సైబర్ సంఘటన ఏదైనా మనం గమనించిన, లేదా మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. సాక్ వాళ్లు రాత్రి 11కు మెయిల్ పెట్టి ఊరుకుంటే, మీరు ఉదయం 9కి చూస్తే, 10 గంటలు అప్పటికే గడిచిపోయాయి. కాంట్రాక్టులో 'తెలియజేస్తాం' అన్న మాట ఉంటే దాన్ని 'ఫోన్ చేసి, మనిషితో మాట్లాడి తెలియజేస్తాం' అని మార్పించండి. సెర్ట్-ఇన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-4949 ను మీ షీట్ మీద రాసి ఉంచండి.

టైము గురించి కూడా. ఏపీఐ నుంచి వెళ్లే అలర్ట్‌ల టైము యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది. మన గడియారంలో ఆదివారం తెల్లవారుజామున 1:10 అంటే అక్కడ శనివారం 19:40. సాక్ రిపోర్టులో ఏ టైము రాస్తున్నారో మొదటి రోజే తేల్చుకోండి. సీసీటీవీలో ఆ టైముకు సీట్లో ఎవరున్నారో వెతకాల్సి వచ్చినప్పుడు ఈ ఐదున్నర గంటల తేడా మనుషుల మీద తప్పుడు అనుమానాలు పుట్టిస్తుంది.

ఎవరికి ఫోన్, ఎవరి మాట చెల్లుతుంది

ఇది సాఫ్ట్‌వేర్ పని కాదు. అయినా నేను ఎక్కువ సమయం పెట్టేది దీని మీదే. ఒక పేజీ షీట్ తయారు చెయ్యండి. అందులో రాత్రి పూట మొదట ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎత్తకపోతే ఎన్ని నిమిషాలకు రెండో వ్యక్తికి చెయ్యాలి, వాళ్లూ ఎత్తకపోతే ఎవరికి అన్నది ఉండాలి. మాకు మొదటి ఫోన్ నాకు, పది నిమిషాల తర్వాత నెట్‌వర్క్ చూసే తమ్ముడికి, ఇంకో పది నిమిషాల తర్వాత ఫైనాన్స్ మేనేజర్ గారికి. ఐటీ కాని మనిషి ఎందుకని అడుగుతారు. రాత్రి బిల్లింగ్ సర్వర్ ఆపమనాల్సి వస్తే, ఆ మాట అనగలిగింది ఆయనే.

సాక్ ఫోన్ నంబర్‌ను అందరి ఫోన్లలో పేరుతో సేవ్ చేయించి, 'డోంట్ డిస్టర్బ్'లో ఉన్నా మోగేలా పెట్టించండి. తెలియని నంబర్ అని స్పామ్ కింద కట్ చేస్తే ఇంత చేసిందీ వృథా. ఎదురు జాగ్రత్త కూడా అవసరం: రేపు ఎవడో 'సాక్ నుంచి మాట్లాడుతున్నాం, పాస్‌వర్డ్ చెప్పండి' అని ఫోన్ చెయ్యొచ్చు. అందుకని రెండు వైపులా తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి.

ఐసొలేషన్ సంగతి. డిఫెండర్‌లో ఒక మెషీన్‌ను ఐసొలేట్ చేస్తే దానికి నెట్‌వర్క్ తెగిపోతుంది, డిఫెండర్ సర్వీస్‌తో మాత్రం సంబంధం ఉంటుంది. కావాలంటే అవుట్‌లుక్, టీమ్స్ నడిచేలా సెలెక్టివ్‌గా కూడా చెయ్యొచ్చు. మామూలు యూజర్ ల్యాప్‌టాప్ అయితే అడక్కుండా ఐసొలేట్ చెయ్యమని మేం రాసిచ్చాం. ఒక మనిషికి రెండు గంటల పని పోతే పోనీ. సర్వర్లు, బిల్లింగ్ కౌంటర్లు, డొమైన్ కంట్రోలర్ (కంపెనీ లాగిన్లన్నీ చూసే సర్వర్) మాత్రం మా మనిషి నోటి మాట లేకుండా ముట్టుకోకూడదు. ఈ తేడా వాళ్లకు తెరమీదే కనిపించేలా ఆ మెషీన్లకు పోర్టల్‌లో ట్యాగులు వెయ్యండి. షీట్‌లో రాసింది రాత్రి షిఫ్ట్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి గుర్తుండకపోవచ్చు, ట్యాగ్ అయితే ఎదురుగా ఉంటుంది.

వాళ్ల మనుషులు మన పోర్టల్ కూడా చూడాలంటే ఒక్కొక్కరికీ వేర్వేరు అకౌంట్, ఎంఎఫ్ఏతో (పాస్‌వర్డ్‌తోపాటు రెండో రుజువు), సెక్యూరిటీ రీడర్ స్థాయిలో ఇవ్వండి. టీమంతా ఒకే లాగిన్ పంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. ఎవరేం చేశారో తర్వాత తేల్చలేరు.

నిజం టెస్ట్

మొదట పైపు పరీక్ష. ఆన్‌బోర్డింగ్ పేజీలోనే డిటెక్షన్ టెస్ట్ కమాండ్ ఇస్తారు. ఒక మెషీన్‌లో అది అడిగే ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లో సృష్టించి, అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ కమాండ్ అతికించి ఎంటర్ కొట్టండి. కిటికీ దానంతట అదే మూసుకుపోతుంది. కొన్ని నిమిషాల్లో పోర్టల్‌లో అలర్ట్ పడుతుంది. అది సాక్ వాళ్లకు ఎన్ని నిమిషాలకు చేరిందో రాసుకోండి. యాంటీవైరస్ పరీక్షకు వాడే, హాని లేని 68 అక్షరాల ఐకార్ టెస్ట్ ఫైల్‌తో కూడా కొందరు చేస్తారు గానీ, దాన్ని యాంటీవైరస్ అక్కడికక్కడే ఆపేస్తుంది కాబట్టి ఈడీఆర్ దారి సరిగ్గా పరీక్షకు రాదు.

పైపు సరే, మనుషుల సంగతి? డిటెక్షన్ టెస్ట్ అలర్ట్ పేరులోనే టెస్ట్ అని ఉంటుంది. మేం రాత్రి 1:10కి దాన్ని నడిపి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటే, తెల్లారినా మోగలేదు. టెస్ట్ అన్న మాట ఉన్న అలర్ట్‌లను వాళ్ల రూల్ ఒకటి చూడకుండానే మూసేస్తోందట. వాళ్లను తప్పు పట్టలేం. పరీక్ష మనమే మార్చాలి.

ప్లాన్ 2 ఉంటే ఇలా చెయ్యండి. హంటింగ్‌లో డివైస్ ప్రాసెస్ ఈవెంట్స్ పట్టిక తీసుకుని, కమాండ్ లైన్‌లో ఒక వింత పదం ఉన్న వరసలను వెతికే చిన్న క్వెరీ రాయండి. మా పదం గోంగూర140, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఫలితాల్లో టైమ్‌స్టాంప్, డివైస్ఐడీ, రిపోర్ట్ఐడీ మూడు గడులూ ఉండాలి, లేకపోతే రూల్ సేవ్ కాదు. దాన్ని కస్టమ్ డిటెక్షన్ రూల్‌గా సేవ్ చేసి, తీవ్రత హై అని, ఎంత తరచుగా అన్నచోట గంటకోసారి అని గానీ, వీలైతే కంటిన్యువస్ అని గానీ పెట్టండి. అలర్ట్ పేరు మామూలుగా ఉండాలి, టెస్ట్ అన్న మాట ఎక్కడా ఉండకూడదు. ఇక ఏ మెషీన్‌లోనైనా ఆ పదం పేరుగా ఉన్న ఫైల్‌ను కమాండ్ ప్రాంప్ట్ నుంచి నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చాలు. ఎవరికీ హాని లేదు, అలర్ట్ మాత్రం అసలైన హై అలర్ట్‌లాగే వెళ్తుంది. సాక్ సర్వీస్‌లో మీ అకౌంట్ చూసే మేనేజర్‌కు ఒక్కరికే ముందు చెప్పండి. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు చెప్పొద్దు.

రెండోసారి మేం ఆదివారం రాత్రి నడిపాం. అలర్ట్ పడ్డాక 17 నిమిషాలకు ఫోన్ మోగింది. 'సర్, నిద్ర చెడగొట్టినందుకు క్షమించండి. రాజమహేంద్రవరం బ్రాంచ్‌లో ఒక మెషీన్ మీద హై అలర్ట్ వచ్చింది. ఈ టైములో అక్కడ ఎవరైనా పని చేస్తున్నారా?' అని ఒకమ్మాయి అడిగింది. గుర్తు మాట చెప్పింది. నేను తెలియదన్నాను. 'అయితే ల్యాప్‌టాప్ కాబట్టి మీ షీట్ ప్రకారం ఐసొలేట్ చేస్తున్నాను సర్' అంది. చేసింది. మా డబ్బుకు విలువ దక్కిందని నాకు ఆ నిమిషంలో అనిపించింది.

మూడు నెలలకోసారి ఈ పరీక్ష చెయ్యండి. ప్రతిసారీ వేరే బ్రాంచ్, వేరే వారం, వేరే టైము.

మొదటి పదిహేను రోజులు

అలర్ట్‌లు ఎక్కువగానే వస్తాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డీలర్ ఎనీడెస్క్‌తో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) లోపలికి రావడం, బయోమెట్రిక్ అటెండెన్స్ సాఫ్ట్‌వేర్ వింతగా ప్రవర్తించడం, మీరే నడిపే అడ్మిన్ స్క్రిప్టులు, ఇవన్నీ వాళ్లకు కొత్త. ఎనీడెస్క్ మామూలే అని మొత్తం అణచివేయమని మాత్రం చెప్పకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు కూడా ఆ దారినే వాడతాయి. డీలర్ పనిచేసే రెండు మెషీన్లు, పగటి వేళలు, ఇంతవరకే మినహాయింపు ఇవ్వండి. మిగతా చోట ఎనీడెస్క్ కనిపిస్తే ఫోన్ రావాల్సిందే. ఫలానాది అబద్ధపు అలర్ట్ అని తేల్చినప్పుడు కారణం ఒక లైన్‌లో రాయించండి. ఆర్నెల్ల తర్వాత వాళ్ల టీమ్ మారినా ఆ లైన్ పనికొస్తుంది.

ఇన్సిడెంట్‌ను వాళ్ల టికెట్‌లో మూస్తే డిఫెండర్‌లో కూడా మూతపడాలా అన్నది ముందే తేల్చుకోండి. మాకు రెండు చోట్లా వేరుగా మూయడమే నచ్చింది. డిఫెండర్‌లో తెరిచి ఉన్నవన్నీ శుక్రవారం సాయంత్రం నేనే చూస్తాను.

సర్వీస్ మార్చినప్పుడు

కాంట్రాక్ట్ ముగిసిన రోజు యాప్ సీక్రెట్లు తీసెయ్యండి, తర్వాత యాప్‌నే తీసెయ్యండి. లింకు ద్వారా ఒప్పుకున్న వాళ్ల అప్లికేషన్ ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్ కింద ఉంటుంది, దాన్నీ తొలగించండి. వాళ్ల మనుషులకు ఇచ్చిన గెస్ట్ అకౌంట్లు, స్ట్రీమింగ్ దారి, క్యాలెండర్ రిమైండర్లు కూడా. అన్నీ తీశాక వారం ఆగి సర్వీస్ ప్రిన్సిపల్ సైన్-ఇన్స్ పేజీ ఇంకోసారి తెరవండి. ఆ యాప్ చివరి సైన్-ఇన్ తేదీ, మీరు దాన్ని తీసేసిన తేదీ కంటే ముందుదై ఉండాలి.